ఇంటింటి ఆరోగ్యం: ఐ.సి.యు.లో మందు ఆపితే బిడ్డను వదిలేసినట్లా?



పల్లెటూరి కుటుంబానికి పట్టణంలోని పిల్లల ఐ.సి.యు. తలుపు ముందు కూర్చోవటం కంటే కష్టమైన ఘడియ మరొకటి ఉండదు. లోపల బిడ్డ, బయట తల్లిదండ్రులు, అమ్మమ్మ, నాన్నమ్మ. చేతిలో మందుల చీటీలు, బిల్లులు. మూడవ రోజున డాక్టరుగారు బయటకు వచ్చి, "ఇప్పటివరకు ఇస్తున్న పెద్ద యాంటీబయాటిక్ ఈ రోజుతో ఆపేస్తున్నాము" అంటారు. ఆ మాట వినగానే ఇంటివారి గుండె జారిపోతుంది. డబ్బు కట్టలేమని ఆపేశారా? బిడ్డ మీద ఆశ వదులుకున్నారా? కొందరైతే, "పొలం అమ్మైనా కడతాము, ఇంకా పవరున్న మందు వేయండి సార్" అని డాక్టరుగారి కాళ్ళమీద పడతారు.

ఈ భయం సహజమైనదే. అయితే ఈ నెల మేము చెప్పదలచుకున్న సంగతి ఒక్కటే. మంచి ఆసుపత్రిలో యాంటీబయాటిక్ మొదలుపెట్టటం ఎంత వైద్యమో, దానిని తగిన రోజున మార్చటం, తగ్గించటం, ఆపటం కూడా అంతే వైద్యము. ఎక్కువ మందులు వేసినంత మాత్రాన మంచి వైద్యం కాదు. సరైన మందు, సరైన మోతాదులో, సరైన వేళకు ఇచ్చి, అవసరం తీరిన వెంటనే ఆపటమే మంచి వైద్యము. ఇది తెలిసిన కుటుంబం డాక్టరుగారికి అడ్డం కాకుండా తోడుగా నిలబడగలదు.

మొదటి గంటలో ఎందుకంత తొందర?

పిల్లల ఐ.సి.యు.లు రెండు రకాలు. పుట్టినప్పటినుండి నెల లోపు శిశువులకు ఒకటి, అంతకంటే పెద్ద పిల్లలకు మరొకటి. ఈ రెండింటిలోను ఎక్కువగా వాడే మందులలో యాంటీబయాటిక్‌లు ముఖ్యమైనవి. కారణం ఏమిటంటే, బాక్టీరియా అనే సూక్ష్మక్రిములు రక్తంలోకి చేరి ఒళ్ళంతా పాడుచేసే స్థితి చిన్నపిల్లలలో గంటల మీద ముదిరిపోతుంది. దీనిని వైద్యులు సెప్సిస్ అంటారు.

నెలలోపు శిశువుకు సెప్సిస్ వస్తే జ్వరం రావాలనేమీ లేదు. ఒళ్ళు చల్లబడవచ్చు. పాలు త్రాగటం మానేయవచ్చు. కదలిక తగ్గి వడలిపోవచ్చు. ఊపిరి నిమిషానికి 60 సార్లు, అంతకంటే ఎక్కువ ఆడవచ్చు. చూచేవారికి "బిడ్డ నిద్రపోతున్నాడు" అనిపిస్తుంది. నిజానికి ఆ బిడ్డ ప్రాణాపాయంలో ఉంటాడు.

అటువంటి బిడ్డ ఆసుపత్రి చేరిన మొదటి గంటలో, ఇది బాక్టీరియా వలన వచ్చినదా, వైరస్ వలన వచ్చినదా అని ఎంత పెద్ద డాక్టరుకైనా ఖచ్చితంగా చెప్పటం కష్టం. డెంగీ జ్వరంలో కూడా బిడ్డ షాక్‌లోకి వెళ్ళవచ్చు. వైరస్ వలన ఊపిరితిత్తులకు జబ్బు చేసినా ఆయాసం వస్తుంది. వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు. కాని పరీక్షలు తేలేవరకు ఆగితే, నిజంగా బాక్టీరియా ఉన్న బిడ్డ మనకు దక్కకపోవచ్చు. అందుచేత అంతర్జాతీయ వైద్య బృందం పిల్లల సెప్సిస్ గురించి 2020లో ఇచ్చిన సూచనలలో ఇలా చెప్పింది: బిడ్డ షాక్‌లో ఉంటే గుర్తించిన గంటలోపల యాంటీబయాటిక్ మొదలుపెట్టాలి. షాక్ లేకుండా అవయవాలు దెబ్బతింటున్నట్లు అనుమానముంటే, త్వరగా పరీక్షలు చేసి 3 గంటలలోపల మొదలుపెట్టాలి.

కాబట్టి మొదట విస్తారంగా పనిచేసే మందు వేయటం తొందరపాటు కాదు. ఏ క్రిమి అయినా దొరికిపోవాలని వేసే వల అది. అయితే వల వేసి వదిలేయకూడదు. దానిలో ఏమి పడిందో చూడాలి.

రక్తం ఎందుకు తీస్తారు?

వలలో ఏమి పడిందో చెప్పేది కల్చర్ పరీక్ష. మొదటి యాంటీబయాటిక్ సూదికి ముందే బిడ్డనుండి కొంచెం రక్తం తీసి, క్రిములకు ఆహారం ఉన్న ప్రత్యేకమైన సీసాలో వేస్తారు. మనం నారుమడిలో విత్తనం చల్లి మొలక కోసం చూచినట్లే, లేబరేటరీవారు ఆ సీసాను వెచ్చగా ఉంచి కనిపెడతారు. రక్తంలో బాక్టీరియా ఉంటే చాలావరకు ఒకటి రెండు రోజులలో పెరుగుతుంది. తరువాత ఆ క్రిమి మీద రకరకాల మందులు పెట్టి, దేనికి చస్తుంది, దేనికి లొంగదు అని చూస్తారు. మొత్తం ఫలితం రావటానికి రెండు మూడు రోజులు, ఒక్కొక్కసారి ఇంకా ఎక్కువ పడుతుంది.

"పసికందు రక్తమంతా పిండేస్తున్నారు" అని నాన్నమ్మలు బాధపడటం సహజం. నవజాత శిశువు దగ్గర ఈ పరీక్షకు తీసేది సుమారు ఒక మిల్లీలీటరు మాత్రమే. అంతకంటే బాగా తక్కువ తీస్తే క్రిమి ఉన్నా దొరకకపోవచ్చు. ఆ కొద్ది రక్తం తరువాత పదిరోజుల అనవసరపు సూదులను తప్పించగలదు.

అయితే ఈ పరీక్షకు ఒక శత్రువు ఉంది. ఊరిలో ఇప్పటికే రెండు మూడు డోసుల యాంటీబయాటిక్ పడి ఉంటే రక్తంలోని క్రిములు సగం చచ్చి, సగం బ్రతికి, సీసాలో పెరగకపోవచ్చు. అప్పుడు రిపోర్టులో "ఏమీ పెరగలేదు" అని వస్తుంది. క్రిమి నిజంగా లేదా, ముందు వేసిన మందు దానిని దాచిపెట్టిందా అనేది తేలక, డాక్టరుగారు చీకటిలో నడవవలసి వస్తుంది. ఆ చీకటిలో భయంకొద్దీ పెద్ద మందులు ఎక్కువ రోజులు నడుస్తాయి.

రెండవ రోజు, మూడవ రోజు ప్రశ్న

మొదలుపెట్టిన 48 గంటల దగ్గర మంచి వైద్యుడు మళ్ళీ ఆగి చూస్తాడు. బిడ్డ ఎలా ఉన్నాడు? కల్చర్ ఏమి చెప్పింది? ఎక్స్‌రే, ఇతర పరీక్షలు ఏమంటున్నాయి? అప్పుడు ఆయన ముందు మూడు దారులు ఉంటాయి.

మొదటిది, బాక్టీరియా జాడ ఎక్కడా లేదు, బిడ్డ తేరుకుంటున్నాడు, వైరస్ జ్వరమని తేలింది. అప్పుడు యాంటీబయాటిక్ ఆపటమే మేలు. రెండవది, ఫలానా క్రిమి అని తేలింది, అది చిన్న మందుకే లొంగుతుంది. అప్పుడు పెద్ద మందు తీసి ఆ చిన్న మందు పెట్టాలి. మూడవది, క్రిమి మొండిది, లేదా ఇన్ఫెక్షన్ లోతుగా ఉంది. అప్పుడు మందు మార్చి, లెక్క ప్రకారం కొనసాగించాలి. కల్చర్‌లో ఏమీ పెరగకపోయినా, ఊపిరితిత్తులలో చీము వంటి గట్టి గుర్తులుంటే మందు ఆపరు. మెదడు పొరలకు, ఎముకలకు సోకిన ఇన్ఫెక్షన్‌కు వారాల తరబడి మందు కావాలి. అక్కడ తొందరపడి ఆపితే ముప్పు. అందుకే "ఎన్ని రోజులు?" అనే ప్రశ్నకు అన్ని జబ్బులకూ ఒకే జవాబు ఉండదు. ఆ జవాబు ఇంటివారు నిర్ణయించేది కాదు, ప్రక్కమంచం బిడ్డను చూచి పోల్చుకొనేది కూడా కాదు.

"పవరున్న మందు" అనే భ్రమ

మన ఊళ్ళలో మందును పవరుతో కొలవటం అలవాటైపోయింది. ఖరీదు ఎక్కువైతే పవరు ఎక్కువ, సూది అయితే మాత్ర కంటే గొప్ప అని అనుకుంటాము. యాంటీబయాటిక్ విషయంలో ఇది నిజం కాదు. తాళానికి సరిపోయే తాళపుచెవి చిన్నదైనా తలుపు తెరుచుకుంటుంది. సరిపోనిది మూరెడున్నా తెరుచుకోదు.

ఒక ఉదాహరణ చెబుతాము. చర్మం మీద, రక్తంలో చీము పుట్టించే స్టెఫైలోకాకస్ అనే క్రిమి ఉంది. ఆ క్రిమి క్లాక్సాసిలిన్ రకం పాత మందుకు లొంగేదైతే, ఆ పాత మందే వాంకోమైసిన్ అనే పెద్ద మందు కంటే బాగా పనిచేస్తుంది. ఇక్కడ మందు తగ్గించటం అంటే నిజానికి వైద్యాన్ని బలపరచటమే.

రెండవ ఉదాహరణ మన ప్రాంతపు పొలాలకు, పొదలకు దగ్గరైనది. స్క్రబ్ టైఫస్ అనే జ్వరం గడ్డిలో, పొదలలో ఉండే కంటికి కనిపించనంత చిన్న పురుగు కుట్టటం వలన వస్తుంది. కుట్టినచోట, చంకలోనో గజ్జలలోనో, సిగరెట్టుతో కాల్చినట్లు ఒక నల్లని పొక్కు కొందరిలో కనబడుతుంది. ముదిరితే ఊపిరితిత్తులు, మెదడు దెబ్బతిని బిడ్డ ఐ.సి.యు. పాలవుతాడు. ఈ క్రిమి మన కణముల లోపలే దాగి ఉంటుంది గనుక మెరోపెనెమ్ వంటి ఖరీదైన సూదులు ఎన్ని వేసినా దానికి తగలవు. డాక్సీసైక్లిన్ అనే పాతకాలపు చవక మందు మాత్రం చాలామందిలో ఒకటి రెండు రోజులలోనే జ్వరాన్ని దించుతుంది. ఈ జబ్బుకు చిన్నపిల్లలకు సైతం ఈ మందే ముందు వాడాలని భారత పిల్లల వైద్యుల సంఘం సూచించింది. అందుకే బిడ్డ బట్టలు తీసి ఒళ్ళంతా చూచే డాక్టరుగారిని చూచి విసుగుకొనవద్దు. ఆ నల్లపొక్కు దొరికితే వేల రూపాయల మందు కంటే అది విలువైనది.

ఈ డాక్సీసైక్లిన్ పుట్టిన వంశం గురించి తెలుగువారు తెలుసుకోవలసిన మాట ఒకటుంది. ఇది టెట్రాసైక్లిన్ మందుల వంశానికి చెందినది. ఆ వంశంలో మొట్టమొదటిది ఆరియోమైసిన్. దానిని అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలలో బెంజమిన్ డగ్గర్ అనే శాస్త్రవేత్త కనుగొన్నాడు. 1948లో లోకానికి వెల్లడి చేశారు. అప్పుడు ఆ సంస్థ పరిశోధనలన్నింటికి పెద్దగా ఉండి నడిపించినవారు 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు. అదే 1948లో ఆయన కన్నుమూశారు. ఇటువంటి మందులు పుట్టటానికి ఎంతోమంది జీవితాలు ఖర్చయ్యాయి. మనం వాటిని చులకనగా ఖర్చుచేయరాదు.

మోతాదు తూకం మీద ఆధారపడుతుంది

పెద్దవారికి మాత్ర ఒకటే సైజు. పిల్లలకు అలా కాదు. ప్రతి మందూ బిడ్డ బరువును బట్టి కిలోకింత అని లెక్కకట్టాలి. తీవ్రమైన న్యుమోనియాతో వచ్చిన బిడ్డకు ప్రపంచ ఆరోగ్య సంస్థ పుస్తకం చెప్పే లెక్క చూడండి. ఆంపిసిలిన్ కిలోకు 50 మి.గ్రా. చొప్పున 6 గంటలకొకసారి, జెంటామైసిన్ కిలోకు 7.5 మి.గ్రా. చొప్పున రోజుకొకసారి. 10 కిలోల బిడ్డకైతే ఆంపిసిలిన్ ప్రతిసారి 500 మి.గ్రా., జెంటామైసిన్ 75 మి.గ్రా. అవుతుంది. ఇది మీరు ఇంటిలో వాడటానికి చెప్పటం లేదు, లెక్క ఎంత సున్నితమో తెలియటానికి చెబుతున్నాము.

అదే మందు 3 కిలోల పసికందుకు కిలోకు 5 మి.గ్రా. చొప్పున 15 మి.గ్రా. మాత్రమే. జెంటామైసిన్ సాధారణంగా దొరికే 2 మి.లీ. సీసాలో 80 మి.గ్రా. ఉంటుంది. అంటే ఈ బిడ్డకు కావలసింది 0.4 మి.లీ. కంటే తక్కువ. వ్రాతలో ఒక్క చుక్క చెరిగితే, చదివే నర్సమ్మగారికి ఒక్క సున్న ఎక్కువ కనబడితే, మోతాదు పదింతలవుతుంది. ఈ మందు ఎక్కువైతే మూత్రపిండాలకు, చెవులకు హాని. తక్కువైతే క్రిమి చావదు. అందుచేత అడ్మిషన్ రోజున బిడ్డను తూచటం, ఆ బరువును కేస్‌షీటు మీద స్పష్టంగా వ్రాయటం, మోతాదును మరొకరు సరిచూడటం నాణ్యమైన ఆసుపత్రికి మొదటి గుర్తులు. మూత్రం తగ్గిన బిడ్డకు ఇటువంటి మందు మోతాదును, వేళను మళ్ళీ సరిచేయాలి.

నవజాత శిశువు చిన్న సైజు పెద్దమనిషి కాదు. క్లోరాంఫెనికాల్ అనే మందును ఒకప్పుడు పసికందులకు పెద్ద మోతాదులో ఇచ్చేవారు. వారి లేత కాలేయం దానిని అరిగించలేక ఒళ్ళు బూడిదరంగుకు తిరిగి బిడ్డలు చనిపోతున్నారని 1959లో వైద్యులు బయటపెట్టారు. అలాగే కాల్షియం నరానికి ఎక్కుతున్న నవజాత శిశువుకు సెఫ్ట్రియాక్సోన్ ఇవ్వకూడదు. రెండూ కలిసి ఊపిరితిత్తులలో, మూత్రపిండాలలో గడ్డలుగా పేరుకొని ప్రాణం తీసిన సంఘటనలున్నాయి. ఊరిలో అందరికీ తెలిసిన సూది మందే ఒక పసికందుకు విషం కావచ్చు.

అనవసరపు రోజులు చేసే కీడు

"అవసరం లేకపోయినా రెండు రోజులు ఎక్కువ వాడితే నష్టమేముంది?" అని అడిగేవారున్నారు. నష్టమున్నది. బిడ్డ ప్రేవులలో మేలుచేసే క్రిములు కూడా కోట్లాదిగా ఉంటాయి. యాంటీబయాటిక్ వాటినీ చంపుతుంది. విరేచనాలు పట్టుకుంటాయి. ఖాళీ అయిన చోటులో బూజు జాతి క్రిములు పెరిగి, నెలలు నిండని శిశువుల రక్తంలోకి చేరవచ్చు. మందుకు చావని మొండి బాక్టీరియా మాత్రం మిగిలి వృద్ధిచెందుతుంది. అది చేతులమీదుగా, గొట్టాలమీదుగా ప్రక్క మంచం మీది బిడ్డకు చేరుతుంది. కలుపు మందు ఎక్కువసార్లు కొట్టిన పొలంలో చివరకు మందుకు చావని కలుపే మిగలటం రైతులకు తెలిసిన విషయమే.

ఇది ఊహించి చెప్పే మాట కాదు. ఢిల్లీలోని మూడు పెద్ద ఆసుపత్రులలో 2011 నుండి 2014 వరకు ఒక పరిశీలన జరిగింది. అక్కడే పుట్టి ఐ.సి.యు.లో చేరిన 13,530 మంది శిశువులను గమనించి, 2016లో ఫలితాలు ప్రకటించారు. వారిలో 100కు 14 మందికి సెప్సిస్ వచ్చింది. అన్నిటికంటే ఎక్కువగా దొరికిన క్రిమి ఎసినెటోబాక్టర్. ఆ క్రిములలో 100కు 82 అనేక రకాల మందులకు లొంగనివి. రెండవదైన క్లెబ్సియెల్లాలో 100కు 54 అటువంటివే. సెప్సిస్ వచ్చిన శిశువులలో సుమారు మూడింట రెండు వంతుల మందికి అది పుట్టిన మొదటి మూడు రోజులలోనే వచ్చింది. ఏ మందూ ఎరుగని పసికందుకు, లోకంలోని మొండి క్రిమి పుట్టిన గదిలోనే ఎదురవుతున్నదన్నమాట.

ప్రపంచం మొత్తం మీద 2019లో మందులకు లొంగని బాక్టీరియా వలన నేరుగా సుమారు 12 లక్షల 70 వేలమంది చనిపోయారని 2022లో శాస్త్రవేత్తలు లెక్కకట్టారు. వారిలో ప్రతి ఐదుగురిలో ఒకరు ఐదేళ్ళలోపు బిడ్డ. పెన్సిలిన్‌ను 1928లో కనుగొన్న అలెగ్జాండర్ ఫ్లెమింగ్, 1945లో నోబెల్ బహుమతి అందుకున్నప్పుడే, చాలీచాలని మోతాదులతో క్రిములకు ఎదురుతిరగటం నేర్పవద్దని హెచ్చరించాడు.

మనకు తెలిసిన మాటే

ఈ ముప్పుకు వైద్యలోకం కనిపెట్టిన మార్గాన్ని ఇంగ్లీషులో స్టీవార్డ్‌షిప్ అంటున్నారు. మన సంఘములకు ఈ మాట క్రొత్త కాదు. దానిని మనం గృహనిర్వాహకత్వము అంటాము. తనది కాని సొత్తును నమ్మకముగా కాపాడి, ఎవరికి ఎప్పుడు ఎంత కావాలో అంతే ఇచ్చి, లెక్క అప్పగించటం. యాంటీబయాటిక్ మందులు ఏ ఒక్క బిడ్డ సొత్తూ కావు, ఏ ఒక్క డాక్టరు సొత్తూ కావు. రేపు పుట్టబోయే బిడ్డకు కూడా వాటిలో భాగమున్నది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో ఈ మందులను మూడు వరుసలుగా విభజించింది. ఆంపిసిలిన్, అమాక్సిసిలిన్, జెంటామైసిన్ వంటివి మొదటి వరుస, అంటే యాక్సెస్. ఎక్కువ జబ్బులకు ముందు వాడదగినవి ఇవే. సెఫ్ట్రియాక్సోన్, మెరోపెనెమ్ వంటివి రెండవ వరుస, అంటే వాచ్. జాగ్రత్తగా కనిపెడుతూ వాడాలి. కోలిస్టిన్ వంటివి మూడవ వరుస, అంటే రిజర్వ్. ఇంకే మందూ పనిచేయనప్పుడు తీయవలసిన దాపుడు ధాన్యం ఇది. మనుషులకు వాడే యాంటీబయాటిక్‌లలో 2030 నాటికి కనీసం 70 శాతం మొదటి వరుసవే ఉండాలని 2024లో ఐక్యరాజ్యసమితి సమావేశంలో దేశాలు గురి పెట్టుకున్నాయి.

మన దేశంలో కేంద్ర ఆరోగ్య సేవల శాఖ, యాంటీబయాటిక్ వ్రాసిన ప్రతిసారి ఎందుకు వ్రాస్తున్నారో కారణం కూడా చీటీలో వ్రాయమని 2024 జనవరిలో డాక్టర్లను కోరింది. ఇది చిన్న సంగతిగా కనబడుతుంది. కాని కారణం వ్రాయవలసి వచ్చినప్పుడు కలం ఒక్క క్షణం ఆగుతుంది. ఆ ఒక్క క్షణంలోనే ఎన్నో అనవసరపు సూదులు తప్పిపోతాయి.

తగ్గిస్తే బిడ్డలకు ప్రమాదం కాదా? అమెరికాలో 14 పిల్లల ఐ.సి.యు.లు కలిసి దీనిని పరీక్షించి 2022లో ఫలితం ప్రకటించాయి. జ్వరం వచ్చిన ప్రతిసారి అలవాటుగా రక్తం కల్చర్‌కు పంపకుండా, ముందు మంచం దగ్గరకు వెళ్ళి బిడ్డను పరీక్షించి, నిజంగా అవసరమా అని ఆలోచించి పంపారు. కల్చర్ పరీక్షలు మూడవ వంతు తగ్గాయి. విస్తారంగా పనిచేసే యాంటీబయాటిక్‌ల వాడకం 13 శాతం తగ్గింది. బిడ్డల మరణాలు మాత్రం పెరగలేదు. అవసరమైనచోట కల్చర్ తప్పనిసరి, అవసరం లేనిచోట మానటమూ వైద్యమే. ఈ తేడా తెలిసేది బిడ్డను దగ్గరగా చూచినప్పుడే.

ఐ.సి.యు. కథ ఊరిలోనే మొదలవుతుంది

జలుబు చేసిన బిడ్డను ఆర్.ఎం.పి. దగ్గరకు తీసుకువెళ్ళటం, ఒక సూది, ఒక సిరప్ తెచ్చుకోవటం, రెండు రోజులకు తగ్గగానే మిగిలిన సిరప్ కిటికీలో దాచటం, తరువాత చెల్లెలికి జ్వరం వస్తే అదే త్రాగించటం మన ఇళ్ళలో చూస్తున్నదే. సెఫిక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్ వంటి మందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదనే నియమం 2014 మార్చి 1 నుండి గట్టిగా అమలులోకి వచ్చింది. షాపువారు రోగి పేరు, వ్రాసిన డాక్టరు పేరు, ఇచ్చిన మందు లెక్క ఒక ప్రత్యేక రిజిష్టరులో వ్రాసి మూడేళ్ళు దాచాలి. మందు అట్టమీద నిలువుగా ఎర్రగీత కనబడితే అది డాక్టరు చెప్పకుండా వాడకూడని మందని గుర్తుంచుకోండి.

అయితే ఒక విషయంలో అపార్థం వద్దు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుగారో, శిక్షణ పొందిన నర్సమ్మగారో, ప్రమాదంలో ఉన్న పసికందుకు పెద్దాసుపత్రికి పంపేముందు మొదటి డోసు వేస్తామంటే కాదనవద్దు. దూరప్రయాణంలో అది ప్రాణం కాపాడే డోసు. ఏ మందు, ఎంత, ఏ గంటకు వేశారో మాత్రం కాగితం మీద వ్రాయించుకోండి.

పాలు త్రాగలేకపోతే, ఫిట్స్ వస్తే, మత్తుగా ఉంటే, త్రాగిందంతా కక్కితే, డొక్కలు ఎగరేస్తే, పసికందు ఒళ్ళు చల్లబడితే, ఒక్క పూట కూడా ఆగవద్దు. 108కి ఫోను చేయండి. ఊపిరి లెక్కపెట్టటం ప్రతి తల్లీ నేర్చుకోవచ్చు. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు నిండు నిమిషం లెక్కించాలి. రెండు నెలలలోపు 60, రెండు నెలలనుండి ఏడాదిలోపు 50, ఏడాదినుండి ఐదేళ్ళలోపు 40, లేక అంతకంటే ఎక్కువ ఉంటే ఆసుపత్రి పని పడినట్లే.

కుటుంబం చేయగలిగిన పనులు

1. ఊరిలో వాడిన ప్రతి మందు సీసా, మాత్రల అట్ట, చీటీ ఒక సంచిలో వేసి తీసుకువెళ్ళండి. తిడతారని దాచవద్దు. ఆ సంచి లేబరేటరీ రిపోర్టు అంత విలువైనది.

2. ఏ మందు పడలేదో, దద్దుర్లు ఎప్పుడు వచ్చాయో ముందే చెప్పండి.

3. రోజుకొకసారి డాక్టరుగారిని మర్యాదగా ఈ నాలుగు మాటలు అడగండి. "సార్, ఈ యాంటీబయాటిక్ దేనికోసం ఇస్తున్నారు? కల్చర్ పంపారా, ఏమి వచ్చింది? ఇంకా అవసరమా, తగ్గించవచ్చా? ఎన్ని రోజులు అనుకుంటున్నారు?" మంచి డాక్టరు ఈ ప్రశ్నలకు కోపగించుకోరు.

4. "ఇంకా పవరున్నది వేయండి" అని ఒత్తిడి చేయవద్దు. బయటినుండి ఫోను చేసి సలహాలిచ్చే బంధువుల మాట పట్టుకొని మందు మార్పించవద్దు.

5. మందు కొనలేని పరిస్థితి వస్తే చాటుగా డోసులు మానవద్దు. డాక్టరుగారితో చెప్పండి. చవకైన మందు సరిపోవచ్చు. ప్రభుత్వ ఆసుపత్రికి పంపే వీలూ ఉండవచ్చు.

6. లోపలికి వెళ్ళేముందు చేతులు మోచేతుల వరకు సబ్బుతో కడగండి. బిడ్డను చూడటానికి, ప్రార్థన చేయటానికి సంఘస్థులు ప్రేమతో వస్తారు. పదిమంది లోపలికి పోవటం కంటే ఒక్కరు వెళ్ళి, మిగిలినవారు వరండాలో ఉండటం ఆ గదిలోని ప్రతి బిడ్డకూ మేలు. జలుబు, దగ్గు ఉన్నవారు ఇంటివద్దే ప్రార్థించండి.

7. నర్సమ్మగారు, డాక్టరుగారు చేతులు కడుక్కోకుండా బిడ్డను తాకబోతే మెల్లగా గుర్తుచేయటం తప్పు కాదు.

8. డిశ్చార్జి రోజున ఏ మందు ఎన్ని పూటలు, ఏ తేదీన ఆపాలి అని వ్రాయించుకోండి. ఆ తేదీకి ముందు మానవద్దు, తరువాత పొడిగించవద్దు. మిగిలిన మందు ఎవరికీ పంచవద్దు.

అసలు ఆ తలుపు దగ్గరకే పోకుండా కాపాడేవి మన చేతిలోనే ఉన్నాయి. పుట్టిన గంటలోపు తల్లిపాలు, ఆరు నెలలవరకు తల్లిపాలు మాత్రమే, శుభ్రమైన నీరు, వేళకు టీకాలు. న్యుమోనియానుండి కాపాడే న్యుమోకోకల్ టీకా 2021 నుండి దేశమంతటా ప్రభుత్వ టీకాలలో ఉచితంగా ఇస్తున్నారు. 6 వారాలకు, 14 వారాలకు, 9 నెలలకు వేస్తారు. పెంటావాలెంట్ టీకా కూడా కొన్ని రకాల న్యుమోనియాను, మెదడు పొరల జ్వరాన్ని ఆపుతుంది. టీకా పడిన బిడ్డకు యాంటీబయాటిక్ అవసరం తగ్గుతుంది. అవసరం తగ్గినకొద్దీ మందు బలం నిలుస్తుంది.

ఈ నెల మీ స్త్రీల కూటములలో, యౌవనస్థుల కూడికలలో పై నాలుగు ప్రశ్నలను చదివి వినిపించండి. చదువురాని తల్లికి కంఠస్థం చేయించండి. మీ ఇంటిలో సగం వాడి దాచిన సిరప్ సీసాలు ఎన్ని ఉన్నాయో ఈ రాత్రే వెదకి తీసి, ఎవరికీ మళ్ళీ త్రాగించకుండా ప్రక్కన పెట్టండి. ఆ పని చేసిన ప్రతి ఇల్లు, పేరు తెలియని ఒక బిడ్డకు రేపటి మందును కాపాడినట్లే.